జిగురు మాస్టారు ఎక్కని మెట్లు

"మీరు అంటించిన నోటీసుల్లో నిజంగా అంటించినవెన్ని?"

అడిగింది జిరాక్సు పిల్ల. అడిగించుకున్నది జిగురు మాస్టారు. సైకిల్ షాపు మీది గదిలో, ఒక శనివారం మధ్యాహ్నం, మరో అయిదుగురు కుర్రకారు ఎదుట.

ఆ గదిలో ఒక లాయరమ్మ జిరాక్సు పిల్లతో కలిపి ఆరుగురినీ మానవ హక్కుల యువ నాయకులుగా తీర్చిదిద్దుతోంది. ఇలాంటి మాట చెవిన పడితే ముందు జేబు తడిమి చూసుకోవడం మంచిది. నాయకుల్ని తీర్చిదిద్దుతామనేవాళ్ళు సాధారణంగా ఒక బ్యానరూ, ఒక ముఖ్య అతిథీ, నాలుగు గ్రూపు ఫొటోలూ తీర్చిదిద్ది లేచిపోతారు. ఈమె దగ్గర ఉన్నవి మూడు బెంచీలు, ఒక నీళ్ళ కూజా, ఒక మొండి నమ్మకం. హక్కుల మీద పుస్తకం రాసినవాడికంటే, అవి ఏ మెట్టు దగ్గర జారిపడతాయో కళ్ళారా చూసిన ముసలాయన మేలని.

ఆ ముసలాయనే జిగురు మాస్టారు. ముప్పై ఒక్క ఏళ్ళు కోర్టు అమీనా. అంటే, కోర్టు నోటీసులు ఇంటింటికీ మోసుకెళ్ళి చేతికివ్వడం, మనిషి లేకపోతే తలుపుకు అంటించి, అంటించానని రిపోర్టు రాయడం. సంచిలో కాగితాల పక్కన జిగురు డబ్బా ఉండేది కాబట్టి ఆఫీసంతా ఆయన్ని జిగురు అనేది. మాస్టారన్న తోక ఈ గదికొచ్చాక మొలిచింది, అదీ కాస్త వెటకారంగానే.

ఎందుకంటే మొదటి మూడు శనివారాలూ ఆయన ఉపన్యాసం దంచాడు. న్యాయం, సమానత్వం, మానవత్వం... తన రిటైర్మెంటు సభలో ఎవరో చదివిన కాగితంలోని పెద్ద మాటలన్నీ దుమ్ము దులిపి వాడేశాడు. కొరియర్ కుర్రాడు కళ్ళు తెరుచుకుని నిద్రపోవడం నేర్చుకున్నాడు. నాలుగో శనివారం జిరాక్సు పిల్ల ఆ ప్రశ్న వేసింది.

"అదేం ప్రశ్నమ్మా?" అన్నాడు మాస్టారు.

"మా షాపుకి రోజూ కోర్టు కాగితాలొస్తాయి తాతగారూ. కాపీలు తీస్తూ చదువుతుంటాను, అదో జబ్బు నాకు. మూడు పేటల్లో మూడు నోటీసులు, ఒకే సాయంత్రం ఒకే అమీనా అంటించాడట. మూడింటికీ సాక్షి ఒక్కడే, కోర్టు ఎదుటి టీకొట్టాయన. కాఫీ టీలు వదిలేసి ఆయన రెక్కలు కట్టుకుని ఎగిరాడా?"

బెంచీలన్నీ గొల్లుమన్నాయి. మాస్టారు కూజా మూత తీసి, మళ్ళీ పెట్టి, "ఇవాళ్టికి చాలు" అని మెట్లు దిగిపోయాడు.

నిజానికి ఆయనకు ఈ ఉద్యోగం నేర్పింది ఒక పెద్ద అమీనా. పాఠాలు రెండే. ఒకటి, తలుపు ఎలా తట్టాలో. వేలి కణుపుతో మూడుసార్లు. తట్టి రెండడుగులు వెనక్కి జరగాలి, తీసినవాళ్ళు హడలిపోకుండా. చదువురానివాళ్ళకు కాగితం చదివి వినిపించాలి, వాయిదా తేదీ రెండుసార్లు చెప్పాలి. రెండో పాఠం, తట్టకుండా ఎలా రాయాలో. వాన పడుతున్నా, నాలుగంతస్తులున్నా, మోకాలు మొరాయించినా టీకొట్లో కూర్చుని, "తాళము వేసియుండుట చూచి, ముమ్మారు కేకవేసి, జవాబు లేనందున తలుపునకు అంటించితిని" అని రాసి, టీకొట్టాయన చేత సంతకం పెట్టించాలి. లంచం కాదు, పగ కాదు, ఉత్త బద్ధకం. జనాన్ని రోడ్డున పడేయడానికి దుర్మార్గులే కావాలనుకోవడం మన అమాయకత్వం. తడిసిన చెప్పులంటే ఇష్టం లేని మంచివాళ్ళు చాలు.

మాస్టారు మొదటి పాఠం శ్రద్ధగా నేర్చుకున్నాడు. రెండోది ఇంకా త్వరగా నేర్చుకున్నాడు.

ఆ సాయంత్రం ఆయన కుర్చీలో కూలబడి, పిల్ల ఏమందో భార్యకు చెప్పాడు. ఆవిడ టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరుగా చేసి రిటైరైంది. అవతలివాళ్ళు అబద్ధమాడుతుంటే ఊపిరిని బట్టి కనిపెట్టేది.

"దానికెలా తెలిసిందంటావు?" అన్నాడు.

"నాకెలా తెలిసిందో అలాగే."

"నీకేం తెలుసు?"

"ముప్పై ఏళ్ళు వానాకాలం సాయంత్రాల్లో మీరు పొడి చెప్పులతో ఇంటికొచ్చారు. ఊరంతా మోకాల్లోతు నీళ్ళు. గాల్లో నడిచారనుకోవాలా?" ఆవిడ ఆయన చేతికి గ్లాసు అందించింది. "చెప్పెయ్యండి ఆ పిల్లలకి. మీ పెద్ద మాటలు నేనే వినలేకపోతున్నాను, పాపం వాళ్ళేం చేశారు?"

అయిదో శనివారం మాస్టారు నిలబడకుండా బెంచీ మీద వాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. "పదింటికి ఒకటి" అన్నాడు. "లెక్క రాసుకోలేదు. కానీ పదింటికి ఒకటి మెట్లెక్కకుండా రాశాను."

ఎవరూ నవ్వలేదు. కొరియర్ కుర్రాడు నిద్రలేచాడు.

"ఆ ఇళ్ళవాళ్ళేమయ్యారు?" అంది జిరాక్సు పిల్ల.

"వాయిదా సంగతి తెలీదు కాబట్టి కోర్టుకి రారు. రాలేదు కాబట్టి వాళ్ళ మాట వినకుండానే తీర్పు. ఆ తర్వాత... నేను వెనక్కి తిరిగి చూడలేదమ్మా."

మానవ హక్కుల శిక్షణ ఆ గదిలో ఆ క్షణాన మొదలైందనాలి. అబద్ధపు రిపోర్టును ఎలా పట్టాలో, రాసినవాడికంటే బాగా ఎవరు చెబుతారు? గంటలో అయిదు పేటలు తిరిగాడా చూడండి. సాక్షి ఎక్కడివాడో చూడండి. తలుపు గురించి ఒక్క ముక్కయినా ఉందా చూడండి. నిజంగా ముందు నిలబడినవాడికి రంగో, గొళ్ళెమో, పక్కింటి కుక్కో ఏదో ఒకటి గుర్తుంటుంది. "ముందు తలుపు చూసి రండి, హక్కు సంగతి తర్వాత" అనేవాడు. పిల్లలు వారం పొడుగునా తలుపులు చూసొచ్చి వర్ణించేవాళ్ళు. ఇందులో కొరియర్ కుర్రాడు అందర్నీ మించిపోయాడు. రోజుకు నలభై ఇళ్ళ మెట్లెక్కేవాడికి తలుపుల గురించి ఒకరు చెప్పాలా?

రెండు నెలలకు దర్జీ ఆవిడ వచ్చింది. మూడంతస్తుల పాత మేడలో రెండో అంతస్తు, ఒక్క గది. అందులోనే కుట్టుమిషను, అందులోనే కాపురం. అద్దె బాకీ ఉందని ఇంటి యజమాని వేసిన కేసులో, ఇరవై రోజుల్లో ఖాళీ చేయమని తీర్పు వచ్చేసింది. "కోర్టులో కేసుందని ఇప్పుడే తెలిసింది తల్లీ" అంది లాయరమ్మతో. "నేనెక్కడికి పోతాను? పొద్దున్నుంచి రాత్రిదాకా మిషను ముందే ఉంటాను కదా!"

జిరాక్సు పిల్ల కోర్టు నుంచి రిపోర్టు నకలు తెప్పించింది. కొరియర్ కుర్రాడు వెళ్ళి తలుపు చూసొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"తలుపెలా ఉందిరా?" అన్నాడు మాస్టారు.

"లేదు తాతగారూ."

"లేకపోవడమేమిట్రా?"

"గుమ్మముంది, తలుపు లేదు. చెదలు పట్టిందని ఇంటాయన ఊడదీయించి వడ్రంగి షాపులో పడేశాడట. ఆరు నెలలైంది. లైనింగు ముక్కలు అతికి కర్టెను కట్టుకుంది ఆవిడ. నోటీసు తేదీ చూస్తే మూడు నెలల కిందటిది. లేని తలుపుకి తాళం వేసుంది, లేని తలుపుకి జిగురు పూశారు!"

గది దద్దరిల్లింది. "చదవమ్మా రిపోర్టు" అన్నాడు మాస్టారు, తనూ నవ్వుతూ. పిల్ల చదివింది: "తాళము వేసియుండుట చూచి, ముమ్మారు కేకవేసి..."

ఆయన నవ్వు ఆగిపోయింది. అక్షరం పొల్లుపోకుండా అది తన వాక్యం. కింద సంతకం తన శిష్యుడిది. రిటైరయ్యే ముందు రెండేళ్ళు వెంట తిప్పుకుని, ఆ వాక్యం అప్పజెప్పించుకున్నది తనే. పెద్దాయన తనకిచ్చాడు, తను వాడికిచ్చాడు. తిలాపాపం తలా పిడికెడు.

ఆ వాక్యం తను నేర్పిందేనని వాళ్ళతో చెప్పాడు. ఈసారీ ఎవరూ నవ్వలేదు.

తలుపు లేకపోతే కేసు గెలిచినట్టే అనుకున్నారు పిల్లలు. లాయరమ్మ ఆ సంబరం మీద నీళ్ళు చల్లింది. వడ్రంగి ఇంటాయన మనిషి. తలుపెప్పుడు ఊడదీశాడో గుర్తులేదంటాడు. మిగిలింది దర్జీ ఆవిడ మాట. ఎదురుగా కోర్టు ఉద్యోగి రిపోర్టు. కోర్టు తన మనిషి మాటే నమ్ముతుంది, అబద్ధం రాయాల్సిన అవసరం అతనికేముందని. అవసరం లేకుండానే రాస్తారని ఎవరైనా లోపలివాళ్ళు చెప్పాలి. ఆమె మాస్టారి వంక చూడలేదు. చూడకపోవడంలోనే అంతా ఉంది.

మెట్ల దగ్గర జిరాక్సు పిల్ల ఆయన్ని ఆపింది. "మీరు చెప్పకండి తాతగారూ. నడత మంచిది కాదని తేలితే పింఛను ఆపేస్తారట, రూలుంది."

"నాకు చెబుతావా? ఆ రూలు కింద నోటీసులు ఎంతమందికి నా చేత్తో ఇచ్చొచ్చానో!"

"మరి మామ్మగారేమంటారు?"

"ఈసారైనా చెప్పులు తడుపుకోండి అంది."

"అయితే ప్రాక్టీసు చేద్దాం. మీకు బోనెక్కితే ఉపన్యాసం పూనుతుంది."

తర్వాతి శనివారం గురుశిష్యులు తారుమారయ్యారు. కూజా పక్కన మాస్టారిని నిలబెట్టి ఆరుగురూ ప్రశ్నలతో వాయించారు.

"మీరూ ఇలాంటి రిపోర్టు రాశారా?"

"చూడమ్మా, న్యాయ వ్యవస్థలో మనం ఒక విషయం గమనించాలి..."

"గమనించక్కర్లేదు. రాశారా, లేదా?"

"రాశాను. కానీ ఆనాటి పరిస్థితులు..."

"పరిస్థితుల్ని ఇంట్లో పెట్టి రండి తాతగారూ."

గంటన్నర నీళ్ళు నమిలి, చివరికి "రాశాను" అని ఒక్క మాట చెప్పి ఊరుకోగలిగాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మానవత్వం, సమానత్వం అంటూ దంచిన మూడు శనివారాలకూ రానివి.

కోర్టులో అంతా అరగంట పట్టలేదు. "ఇలా రాయడం ఉందా?" అన్నారు జడ్జిగారు. "ఉందండి." "మీరు రాశారా?" "రాశానండి." "ఎన్ని?" "పదింటికొకటండి." "ఈ రిపోర్టు రాసిన వ్యక్తి మీకు తెలుసా?" మాస్టారు వెనక బెంచీలో కూర్చున్న శిష్యుడి వైపు చూశాడు. "ఆ వాక్యం నేను నేర్పిందేనండి. తిట్టాల్సి వస్తే ముందు నన్ను తిట్టండి." తర్వాత శిష్యుణ్ణి పిలిచి, ఆ గది తలుపు ఏ రంగని అడిగారు. శిష్యుడు నేల చూశాడు, పైకప్పు చూశాడు, మాస్టారిని చూశాడు. "నేను పైకెక్కలేదండి" అన్నాడు.

పాత తీర్పు రద్దయింది. ఈసారి నోటీసు దర్జీ ఆవిడ చేతికే అందింది, ఆవిడ వాయిదాకి వచ్చింది, కట్టిన అద్దె రసీదులు బల్ల మీద పరిచింది. ఇప్పటికీ అదే గదిలో కుడుతోంది. ఇంటాయన తలుపు కూడా పెట్టించాడు, ఆకుపచ్చది. కొరియర్ కుర్రాడు వెళ్ళి స్వయంగా తట్టి చూసొచ్చాడు. వేలి కణుపుతో మూడుసార్లు, తర్వాత రెండడుగులు వెనక్కి.

శిష్యుడికి ఒక ఏడాది జీతం పెరగకుండా ఆపారు. చాలాకాలం మాస్టారు ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేవాడు. ఈమధ్య కొరియర్ కుర్రాడితో కబురంపాడు. "ఇప్పుడు ప్రతి మెట్టూ ఎక్కుతున్నానని చెప్పు, ఆయన పుణ్యమా అని నా మోకాళ్ళు పోయాయని కూడా చెప్పు." మాస్టారు ఆ కబురు భార్యకు రెండుసార్లు చెప్పాడు. రెండోసారి ఆవిడ కొత్తగా విన్నట్టే విన్నది.

శనివారాలు నడుస్తున్నాయి. రెండో జట్టు పిల్లలొచ్చారు. మొదటి తరగతి జిరాక్సు పిల్లే తీసుకుంటుంది. వచ్చినవాళ్ళకు ముందుగా మాస్టారిని చూపించి, "అడగండి, ఎన్ని అంటించారో" అంటుంది. ఆయన బెంచీ మీద కూర్చునే, పదింటికి ఒకటని జవాబిస్తాడు. ఒకప్పుడు మెట్లు దిగి పారిపోయేలా చేసిన మాట ఇప్పుడు హాజరు పలికినంత తేలిగ్గా వస్తుంది.

బోనెక్కిన మరుసటి నెల ఆయన పింఛను ఆగింది, విచారణ జరిగింది, పాత సంగతులకు కాగితం మీద రుజువు లేదని తేల్చి మళ్ళీ ఇవ్వడం మొదలుపెట్టారు. మధ్యలో ఆగిన ఏడు నెలలదీ ఇంకా రావాలి.