గార్డు విప్పేసిన మిషన్

ఆ రోజు పొద్దున్నే గడ్డి కోసే మిషన్ బ్లేడుకు అడ్డంగా ఉండే గార్డును విప్పి కొట్టంలో పారేశాను. మధ్యాహ్నానికి ఒక మనిషి కంటి మీదికి తెచ్చాను. అంతటితో ఆగలేదు, దవాఖానలో అబద్ధం చెప్పాను. నన్ను నేను ఎక్కువగా తిట్టుకునేది ఆ అబద్ధానికే.

మాది మర్రిగూడ వైపు, వానల మీద పండే పత్తి చేను. ఎండాకాలంలో ఊళ్లోని గొర్ల మామ తన మందను రాత్రిళ్లు మా చేనులో ఆపేవాడు. గొర్లు పడుకున్న నేలకు వేరే ఎరువు అక్కర్లేదు. అందుకు బదులుగా వానాకాలంలో మా గట్ల మీది గడ్డి ఆయనది. నాయిన కాలం నుంచీ అంతే. వరసకు ఏమీ కాకపోయినా నాకు ఆయన మామ, ఆయనకు నేను అల్లుణ్ణి.

ఆ ఏడాది ఆయన గొర్లు రెండు చేనులో దిగి పత్తి కొరికాయి. అడగబోతే ఆయన నవ్వాడు.

"నోరు లేనియి అల్లుడా, నీ గట్టు ఏదో నా గట్టు ఏదో వాటికేం ఎర్క?"

ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. గడ్డే లేకపోతే గొర్లెందుకు వస్తాయనుకున్నాను.

గట్టు మీద సర్కారు తుమ్మ మొలిచింది కాబట్టి మిషన్‌కు గడ్డి కోసే నైలాన్ దారం తీసేసి ఇనుప బ్లేడు బిగించాను. గార్డు ఉంటే గడ్డి చుట్టుకుని మాటిమాటికీ ఆపాల్సి వస్తుంది. మా ఊళ్లో గార్డుతో కోసేవాణ్ణి చూసి నవ్వుతారు. ముందుగా గట్టంతా నడిచి రాళ్లూ తీగలూ చూసుకోవాలని, మనుషులు దరిదాపుల్లోకి వస్తే మిషన్ ఆపేయాలని దుకాణంలో చెప్పే ఇచ్చారు. నాకు తెలియక కాదు. కళ్లద్దాలు పెట్టుకున్నాను కూడా. నా కళ్లు నాకు గుర్తున్నాయి.

కోస్తుండగా మామ మందతో వచ్చాడు. దూరం నుంచే చెయ్యి ఊపి ఆపమన్నాడు. చూశాను. చూసి కూడా రేస్ పెంచాను. ఆ చప్పుడుకు గొర్లు బెదిరి వెనక్కి పోవాలని. అవి బెదిరి చెల్లాచెదురయ్యాయి. వాటిని మళ్లేయడానికి ఆయన గట్టు కిందికి, నాకు దగ్గరగా పరుగెత్తాడు. అప్పుడే బ్లేడు గడ్డిలో ఉన్న హద్దురాయికి తగిలింది. మిషన్ నా చేతుల్లో ఎగిరిపడింది. చూసేసరికి ఆయన కుడి కన్ను పట్టుకుని కూర్చున్నాడు.

ఆటో ఎక్కించే దగ్గర నలుగురు చేరారు. కేసవుతుంది, ముల్లు గుచ్చుకుందని చెప్పమన్నారు. నల్లగొండ దవాఖానలో డాక్టరమ్మ ఏం తగిలిందని అడిగితే, తుమ్మ ముల్లు అన్నాను. ఆమె మామ వైపు చూసింది. ఆయన బాగున్న కంటితో నన్నొకసారి చూసి, ముల్లే అన్నాడు. నన్ను కాపాడుతున్నాడు! ఆ క్షణం ఆయన మీద వచ్చినంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. నా మీద రావాల్సిన కోపం దారి తప్పిందని తెలియడానికి నాకు కాసేపు పట్టింది.

కంటి మీద సూది మొన అంత గాయమే కనిపిస్తోందని డాక్టరమ్మ మందు రాయడం మొదలుపెట్టింది. నేను బయటికి వచ్చాను. అప్పుడే వచ్చిన అత్త, ఆయన భార్య, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏమైందని అడిగితే ఆమెకూ ముల్లనే చెప్పాను. ఆమె నా చేతులు చూసింది.

"ముల్లు ఆయనకు గుచ్చుకుంటే నువ్వెందుకు వణుకుతున్నవ్?"

నేను లోపలికి పోయాను. ముల్లు కాదు మేడం, మిషన్ బ్లేడు రాయికి తగిలిందని, గార్డు లేదని, ఆయన ఆపమన్నా ఆపలేదని చెప్పాను. డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది.

"ఇనుము లోపల ఉండిపోతే చూపు పోతుంది. ముల్లని ఇంటికి పంపేదాన్ని. తెలుస్తోందా నీకు?"

పరీక్ష చేస్తే కంటి లోపల నూకంత ఇనుప ముక్క కనిపించింది, నా బ్లేడుది. ఆ పూటే హైదరాబాద్ పంపారు. ఆపరేషన్ చేసి తీశారు. కన్ను మిగిలింది. ఆ కంటితో మనిషి వస్తున్నట్టు తెలుస్తుంది కానీ ఎవరో తెలియదు.

ఊరికొచ్చాక పెద్దమనుషులు నన్ను ఓదార్చారు. గొర్లోడు అడ్డం వస్తే నువ్వేం చేస్తావన్నారు. వాళ్ల మాటకు నా కడుపు మండిపోయింది. ఆటోలో పోతూ నేనూ అదే అనుకున్నాను కాబట్టి ఇంకా మండింది. హోటల్ ముందర అందరూ ఉండగా, ఆయన అడ్డం రాలేదు, నేనే ఆయన గొర్లను బెదిరించానని గట్టిగా చెప్పాను. కొందరు లేచి పోయారు. పోనీయండి.

మర్నాడు తెల్లవారంగనే మామ ఇంటికి పోయాను. ఆయన ఇంకా హైదరాబాద్‌లోనే ఉన్నాడు, మంద కోసం అత్త ఒక్కతే తిరిగొచ్చింది. మందను నేను మేపుకొస్తానంటే అత్త దొడ్డి తడిక తీసి పక్కకు నిలబడింది. నాకు గొర్లను అదిలించడం కూడా రాదు. ముందు పోయేది ఏదో, వెనక పడేది ఏదో చెప్పమని ఆమెనే అడిగాను. మొహం చూడకుండానే చెప్పింది. ఆయన కట్టు విప్పి తన కర్ర తాను పట్టుకునే దాకా ప్రతి పొద్దూ పోయి ఆ మందను మేపుకొచ్చాను.