రెండున్నర నుంచి మూడు దాకా నా వంతు

మా చర్చి సంఘంలో ప్రతి శుక్రవారం గొలుసు ప్రార్థన ఉంటుంది. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, తలా అరగంట, ఎవరింట్లో వాళ్లు మోకరించి చెయ్యాలి. మన అరగంట కాగానే తర్వాతవాళ్లకు ఫోన్ చేసి "నా వంతు అయింది, మీరు మొదలుపెట్టండి" అని అప్పగించాలి. గొలుసు తెగకూడదు. తెగితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు గానీ, తెంపినవాళ్ల సంగతి మాత్రం ఆదివారానికల్లా దిల్‌సుఖ్‌నగర్ అంతా పాకిపోతుంది.

నా వంతు రెండున్నర నుంచి మూడు దాకా. ఆ ముహూర్తం ఎవరు పెట్టారో గానీ, సరిగ్గా మా ఆయనకు తిక్క రేగే వేళ అది. నిరుడు పక్షవాతం వచ్చి ఆయనకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఇరవై ఏళ్లు ఎల్బీనగర్ చౌరస్తా గుండా బస్సు నడిపిన మనిషి ఇప్పుడు గ్లాసు పట్టుకోలేడు. ఆ కోపం చూపించడానికి ఇంట్లో నేనొక్కదాన్నే దొరికాను. అన్నం కలిపి పెడితే ఉప్పు లేదంటాడు. ఉప్పు వేస్తే నన్ను చంపుతావా అంటాడు.

సంఘంవాళ్లు పరామర్శకు వస్తూనే ఉన్నారు. వచ్చిన ప్రతివారికీ టీ పెట్టాలి. "విశ్వాసంలో బలహీనపడకండి సిస్టర్" అని బిస్కెట్ టీలో ముంచుకుంటూ చెబుతారు. ఒకావిడైతే "మీలో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకోండి" అంది. ఉంది. ఆ క్షణాన టీ గిన్నె ఆవిడ నెత్తిన బోర్లించాలనిపించింది. దాన్ని ఇంతవరకూ ఒప్పుకోలేదు.

ఇక ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ నాకు ఒళ్లంతా కంపరమే. లేచి నిలబడేవాళ్లంతా గెలిచినవాళ్లు. జబ్బు పోయిందని ఒకరు, ఉద్యోగం వచ్చిందని ఒకరు. ఇంకా ఓడిపోతూ ఉన్నవాళ్ల చేతికి మైకు ఎవరూ ఇవ్వరు.

వానాకాలంలో ఒక శుక్రవారం మోకరిస్తే నా నోట ఒక్క మాట రాలేదు. లేచి వెళ్లి బట్టలు ఉతుక్కున్నాను. మూడింటికి తర్వాతావిడకు ఫోన్ చేసి "అయింది" అన్నాను. ఆ పై వారం మోకరించనైనా లేదు. మూడో వారం ఇడ్లీ పిండి రుబ్బాను. చెప్పాల్సిందంతా దేవుడికి ఎప్పుడో చెప్పాను, చెవులుంటే వినే ఉంటాడు అనుకున్నాను.

నాకు ముందు వంతు మీర్‌పేట్ పెద్దమ్మది. నల్లగొండ పల్లె నుంచి వచ్చి కూరగాయలు అమ్ముకునే మనిషి. చదువు రాదు. మోకాళ్లు అరిగిపోయి మందిరంలో కుర్చీ వేయించుకుంటుంది. రెండున్నరకు ఠంచనుగా ఆవిడ ఫోన్ వస్తుంది: "బిడ్డా, నాదైంది. నువ్వు సురూ చెయ్యి."

నాలుగో శుక్రవారం మా ఆయన ఎడమ చేత్తో కంచం విసిరికొట్టాడు. గోడంతా పప్పు. నేను తుడుస్తుంటే ఫోన్ మోగింది.

"పెద్దమ్మా, నేను చెయ్యను," అన్నాను. "నా పేరు తీసెయ్యమని పాస్టర్ అయ్యగారికి ఇవాళే చెప్తా. అసలు మూడు వారాల నుంచీ చెయ్యట్లేదు. చేశానని అబద్ధం చెప్పి అప్పగిస్తున్నా. ఈ గొలుసూ వద్దు, ఈ సంఘమూ వద్దు."

ఇక ఉపదేశం మొదలవుతుందని పళ్లు బిగించాను.

"నాకెరుకే బిడ్డా," అంది.

"ఏం ఎరుక?"

"నీ గొంతుల తెలుస్తలేదా? మొదటి వారమే సమజైంది. గందుకే నీకు ఫోన్ జేసినంక గూడ నేను లేస్తలేను. మూడు గొట్టేదాక నీ వంతు గూడ నేనే చేస్తున్న."

నాకు ఒళ్లు మండిపోయింది. "గంటసేపా? ఆ మోకాళ్లతోనా? నీకు బుద్ధుందా పెద్దమ్మా? కింద కూర్చోవద్దని డాక్టరు చెప్పలేదూ?"

"మరి ఏం జెయ్యాలె? గొలుసు తెగొద్దంటిరి."

"అయ్యగారికి చెప్పొచ్చుగా!"

"ఏమని జెప్పాలె? నువ్వు అలిసిపోయినవని నలుగుట్ల జెప్పాల్నా? ఇయాల గూడ నేను చేస్త తియ్యి. నువ్వు జర పండుకో." ఫోన్ పెట్టేసింది.

గుడ్డ చేత్తో పట్టుకుని అక్కడే చతికిలబడి ఏడ్చాను. ఇన్నాళ్లూ ధైర్యం చెప్పడానికి వచ్చినవాళ్లంతా నాకు ఇంకో గిన్నె కడుక్కునే పని పెట్టి పోయారు. ఈవిడ ఒక్కతే నా పని తన నెత్తిన వేసుకుంది, అదీ నాకు చెప్పకుండా. సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా ఆవిడ మీద కోపం వచ్చింది.

నేను చేస్తాను, నువ్వు లేచి కుర్చీలో కూర్చో అని చెబుదామని మళ్లీ ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఇంకోసారి చేశాను. ఎత్తలేదు. ప్రార్థనలో ఉంటే ఆవిడ ఎవరి ఫోనూ ఎత్తదు. గడియారం రెండూ నలభై చూపిస్తోంది. ఇంకా ఇరవై నిమిషాలు ఆవిడ ఇంటి బండల మీద ఆ మోకాళ్లు అలాగే ఉంటాయి.

ఆవిడకు కబురు పంపడానికి నాకు ఒక్క దారే మిగిలింది. పప్పు మరకలు పూర్తిగా పోని నేల మీద మోకరించాను. దాదాపు నెల తర్వాత నా నోట మాట వచ్చింది.

"ప్రభువా, నేను వచ్చాను. ముందు ఆ ముసలిదాన్ని లేపు."