నారిమన్ పాయింట్ ఎండలో ఒక పెళ్లి పత్రం

మా చిన్న తమ్ముడు రమేష్ బ్యాంకాక్‌లో ఉంటాడు. సూరత్ చీరలు, తానులు తీసుకెళ్లి అక్కడి బజారులో అమ్ముతాడు. అతని భార్య నోయ్ థాయ్ అమ్మాయి. 2020 మార్చిలో అమ్మ సంవత్సరీకం కోసం పది రోజులకని సూరత్ ఖటోదరాలోని మా ఇంటికి వచ్చాడు. విమానాలు ఆగిపోయాయి. పది రోజులు కాస్తా ఏడు నెలలయ్యాయి. తను నెల తప్పానని నోయ్ ఏప్రిల్‌లో ఫోన్‌లో చెప్పింది. ఆగస్టులో తమ్ముడి పాత వీసా గడువు తీరిపోయింది. అక్టోబరు వచ్చేసరికి నోయ్‌కి ఎనిమిదో నెల. కాన్పుకు ఆమె పక్కన తమ్ముడు ఉండాలి, అంతే. ఆ వీసా కోసమే సూరత్ నుంచి ముంబైకి ఈ ఒక్కరోజు ప్రయాణం. థాయ్ వాళ్లను పెళ్లి చేసుకుని ఇలాగే ఇరుక్కున్న వాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు రాత్రి కాగితాలన్నీ మార్కండేయుడి పటం ముందు పెట్టి దండం పెట్టుకున్నాను. పెళ్లి పత్రం అసలు ప్రతిని నోయ్ కొరియర్‌లో పంపితే ఇరవై రోజులకు అందింది. కొత్త మగ్గానికైనా, మొదటి తానుకైనా మూలల్లో పసుపు పెట్టడం మా నేతవాళ్ల ఇళ్లలో అలవాటు. ఆ పత్రం నాలుగు మూలలకూ తడి వేలితో పసుపు పెట్టాను. మనసు కుదుటపడింది.

రైలు ఉదయం ఐదింటికి. అప్పట్లో రిజర్వేషన్ ఉన్నవాళ్లనే, జ్వరం చూసి లోపలికి పంపేవారు కాబట్టి నాలుగింటికే స్టేషన్ చేరాం. సెకండ్ సిట్టింగ్ టికెట్ మనిషికి నూటయాభై లోపే. నాలుగు గంటల దారి. నవసారి దాటాక తెల్లవారింది. ఏడు నెలల తర్వాత మొదటిసారి రైలు కిటికీ పక్కన కూర్చున్నాను. పొలాలు చూస్తుంటే చిన్నపిల్లలా ఉత్సాహం వచ్చింది. డబ్బాలోని సర్వపిండి తీసి తమ్ముడికి ఇచ్చి, నా సందేహం అడిగాను.

"తొంభై రోజుల వీసా ఎందుకు తమ్మి? ఏడాదిది ఉన్నదట కదా, అది తీసుకోరాదు?"

"అది తీసుకుంటే తొంభై రోజులకొకసారి దేశం బయటికి పోయి రావాలె అక్కా. ఇప్పుడు సరిహద్దులన్నీ బందున్నయి. యాడికి పోవాలె, సముద్రంలకా?"

"మరెట్ల?"

"తొంభై రోజుల దాంతోని పోత. అక్కడ ఇమిగ్రేషన్ ఆఫీసుల ఏడాదికి పొడిగించుకుంట. గట్ల ఏటేటా."

పొడిగింపుకు నాలుగు లక్షల బాత్‌లు సొంత పేరు మీద అక్కడి బ్యాంకులో రెండు నెలల ముందు నుంచి ఉండాలి. లేదంటే నెలకు నలభై వేల బాత్‌ల ఆదాయం చూపాలి. తమ్ముడి డబ్బు ముందే అక్కడ ఉండటం కలిసొచ్చింది. వీసా ఒక్కటే చాలదు. ఆ రోజుల్లో దాంతోపాటు ప్రవేశ అనుమతి పత్రం, లక్ష డాలర్ల కరోనా బీమా, ప్రయాణానికి డెబ్బై రెండు గంటల లోపు చేయించిన పరీక్ష, అక్కడ దిగాక రెండు వారాల హోటల్ క్వారంటైన్ తప్పనిసరి. ఈ లెక్కన ఆ నెలాఖరు విమానం తప్పితే కాన్పు నాటికి చేరలేడు.

ముంబై సెంట్రల్ నుంచి నారిమన్ పాయింట్‌లోని థాయ్ కాన్సులేట్‌కు ట్యాక్సీలో ఇరవై నిమిషాలు, మీటరు మీద నూటముప్పై. డ్రైవర్ ముసలాయన, అద్దంలోంచి చూసి నవ్వాడు. "వీసా కోసమా, దీదీ? ఆర్నెల్లుగా ఆ బిల్డింగ్‌కి ఒక్క సవారీ లేదు. ఇవాళ మీదే బోణీ."

"పాప పుడుతుంది, భయ్యా. నాన్న ఇక్కడున్నాడు," అన్నాను.

"అయితే సిగ్నళ్లన్నీ పచ్చగానే ఉంటాయి," అన్నాడు. నిజంగానే ఉన్నాయి.

లోపలికి దరఖాస్తుదారు ఒక్కరినే పంపుతారు. పదింటికి తమ్ముడు వెళ్లాడు. నేను ఎదురుగా సముద్రం గోడ మీద కూర్చుని జపం మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలకే తిరిగొచ్చాడు. మాస్కు పైన కళ్లు చూస్తేనే అర్థమైంది.

"ముద్ర మీద పసుపు మరక ఉన్నదట. కింద అక్షరాలు కనవడ్తలేవట. పన్నెండు లోపల సాఫ్‌గ కనవడాలె, లేకుంటే వచ్చే వారమే అన్నది కౌంటర్ల మేడం." పత్రం మిగతా మూలలు చూశాడు. "అక్కా, నువ్వేనా?"

"నేనే."

జేబులోంచి శానిటైజర్ సీసా తీశాడు, పత్రం మీద పోయబోయాడు. చెయ్యి పట్టుకున్నాను.

"ఆగు! అది పడితే ముద్ర గూడ పోతది."

"మరేం జేయాలె?"

అప్పుడు నా ఇరవయ్యేళ్ల ఉద్యోగం గుర్తొచ్చింది. ఖటోదరా రంగుల మిల్లులో చీరల రంగు పరీక్షించడం నా పని. గుడ్డను సగం కప్పి, సగం ఎండకు పెట్టి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాం. ఎండకు నిలిస్తే పక్కా రంగు, వెలిస్తే కచ్చా రంగు.

"పసుపు కచ్చా రంగు తమ్మి. ఎండకు నిలువది. కూసో."

టిఫిన్ డబ్బా మూత తుడిచి, పత్రాన్ని దాని మీద పరిచాను. ముద్ర ఉన్న మూల తప్ప మిగతాదంతా ఫైలు అట్టతో కప్పాను. సముద్రపు గాలికి ఎగిరిపోకుండా ఇద్దరం చెరో వైపు వేళ్లతో నొక్కి పట్టుకున్నాం. అక్టోబరు ఎండ నెత్తి మీద నిప్పులు పోస్తోంది. ఆ రోజు అంత ఎండ ఇచ్చిన దేవుడికి మనసులో దండం పెట్టుకున్నాను.

సైకిలు మీద చాయ్ అమ్మే ఆయన ఆగి చూశాడు. "ఏం ఆరబెడుతున్నారు మౌసీ, అప్పడాలా?"

"మా తమ్ముడి పెళ్లి," అన్నాను.

ఆయన రెండు చాయ్‌లు పోసి, మా చేతులు ఖాళీ లేవని గోడ మీద పెట్టి, అక్కడే నిలబడిపోయాడు. అంతలో నోయ్ వీడియో కాల్ చేసింది. తనకొచ్చిన తెలుగు ముక్కతోనే మొదలుపెట్టింది. "అక్కా, తిన్నావా?" తమ్ముడు థాయ్‌లో సంగతి చెప్పాడు. నోయ్ కడుపు పట్టుకుని నవ్వింది. "నవ్వకు, నవ్వకు," అని నేను ఇక్కడినుంచి చేతులూపాను. పత్రం ఎగిరినంత పనైంది.

పదకొండున్నరకు అట్ట తీసి చూశాం. కప్పిన మూలలు చిక్కటి పసుపు. ఎండ తగిలిన మూల పాత కాగితం రంగు. మధ్యలో ఊదారంగు ముద్ర, ఒక్కో అక్షరం విడివిడిగా! తమ్ముడు కేక పెట్టాడు. చాయ్ ఆయన సైకిలు బెల్లు కొట్టాడు. తమ్ముడు రోడ్డు దాటి పరుగెత్తాడు. నేను మళ్లీ జపంలో కూర్చున్నాను గానీ, ఒక్క నామమూ సరిగ్గా సాగలేదు. పన్నెండుంబావుకు రసీదు గాల్లో ఊపుతూ వచ్చాడు.

"మిగిలిన మూడు మూలలు జూసి మేడం ఏమన్నదో ఎరుకనా? పూజ చేసినట్టున్నరు, ఉండనీయున్రి అన్నది."

మధ్యాహ్నం రైలు పట్టుకుని రాత్రి భోజనానికి సూరత్ చేరాం. వీసా వారంలో వచ్చింది. క్వారంటైన్ ముగిసిన నాలుగో రోజున పాప పుట్టింది, తమ్ముడి ఎదుటే. థాయ్ వాళ్లు పిల్లలకు ముద్దుపేరు పెడతారు. నోయ్ ఖమిన్ అని పెట్టింది. వాళ్ల భాషలో పసుపు. నేను చేసింది పొరపాటే. దేవుడి మీద నమ్మకంతోనే చేశాను, దాన్ని దిద్దుకునే విద్య కూడా ఆయన ఇచ్చిన పనిలోనే దొరికింది. ఆ ఎండలో గంటకు పైగా కూర్చోవడం నా జీవితంలో చేసిన పెద్ద పూజ అనిపిస్తుంది.

మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే, నియమాలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు కాన్సులేట్‌ను అడిగి సరిచూసుకోండి. ఇంకొక్క మాట. పసుపు పెట్టాలనిపిస్తే జిరాక్స్ కాపీకి పెట్టండి. దేవుడికి రెండూ ఒకటే. కౌంటర్‌కు కాదు.