వెండి రేకు మీది 1345

తొమ్మిదేళ్లుగా నేను ఒక కూడికను మోస్తున్నాను. 1345కు 590 కలిపితే 1935. కూడికలో తప్పు లేదు. కలపకూడని చోట కలిపాను. అది మొదటి తప్పు. అంతటితో ఆగి ఉంటే దాన్ని మరిచిపోగలిగేవాణ్ణేమో. తప్పని తెలిశాక నోరు మూసుకున్నాను. ఇది రెండోది. మీకు చెప్పాలనుకుంటున్నది దీని గురించే.

నా పేరు మీకు అవసరం లేదు. జనగామలో మార్కెట్‌కు పోయే దారిలో చిన్న కిరాణా దుకాణం నాది. పదో తరగతితో చదువు ఆగిపోయింది. అంకెలంటే మాత్రం చిన్నప్పటి నుంచీ పిచ్చి. నిజాం కాలం నాటి పహాణీలు, అంటే పొలం కాగితాలు, ఉర్దూలో ఉంటాయి. వాటిలో సంవత్సరం ఫసలీలో వేస్తారు. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. ఒక ముసలి పట్వారీ దగ్గర కూర్చుని ఉర్దూ అంకెలు నేర్చుకున్నాను. అక్షరాలు నేర్చుకోలేదు. అంకెలు చాలనుకున్నాను. బచ్చన్నపేట నుంచి, దేవరుప్పుల నుంచి రైతులు కాగితాలు పట్టుకొచ్చేవాళ్లు. పప్పు తూచి ఇచ్చిన చేత్తోనే సంవత్సరం రాసి ఇచ్చేవాణ్ణి. పైసా తీసుకోలేదు. "సేటు చెప్పిండంటే చెప్పిండే" అనేవాళ్లు. ఆ మాట చాలు నాకు. చాలా ఎక్కువే అయింది.

అట్లా పేరు విని సమ్మక్క వచ్చింది. భూపాలపల్లి అవతల, అడవి అంచున వాళ్ల ఊరు. ఆమె తెచ్చింది పహాణీ కాదు, ఫోన్‌లో తుపాకి ఫొటో. షికారు రైఫిలు. ఆమె తండ్రి మల్లయ్యకు అప్పటికి ఎనభై దాటాయి. మల్లయ్య తండ్రి లచ్చయ్య, ఆ ఊరి దొర వేటకు పోతే ముందు నడిచి జాడ తీసేవాడట. ఒకసారి పులి దొర మీదికి దూకితే లచ్చయ్య అడ్డం పడి కాపాడాడని, దొర తన రైఫిలుకే వెండి రేకు కొట్టించి అతని చేతికిచ్చాడని ఇంట్లోవాళ్ల మాట. ఊరి మాట వేరు. దొర ఉండే గడీ ఖాళీ అయినప్పుడు లచ్చయ్య దాన్ని ఎత్తుకొచ్చాడని. చిన్న తగాదా వచ్చినా ఎవరో ఒకరు "తుపాకి దొంగలు" అని ఎత్తిపొడిచేవాళ్లట. మల్లయ్య తన పేరు మీది లైసెన్సును బిడ్డ పేరుకు మార్పించాలనుకున్నాడు. దరఖాస్తులో ఆయుధం ఎట్లా వచ్చిందో రాయాలి. ఏ కాలం నాటిదో తేలితే రాయడమూ అవుతుంది, ఊరి నోరూ మూతపడుతుందని ఆయన ఆశ.

ఎండాకాలంలో వెళ్లాను. భూతద్దం, కొలబద్ద, మెత్తటి గుడ్డ తీసుకెళ్లాను. గొట్టం మీద కంపెనీ పేరు అరిగిపోయి చివరి రెండు ఇంగ్లీషు అక్షరాలే మిగిలాయి. అడుగున ఒక నంబరు, రెండు కిరీటం ముద్రలు. ఇంగ్లండులో చేసిందని వాటిని బట్టి చెప్పగలిగాను, ఏ ఏడు చేశారో చెప్పలేకపోయాను. భుజానికి ఆనించే మడమ చెక్కకు బొటనవేలంత వెండి రేకు ఉంది. ప్రతి దసరాకు పూజలో పెట్టి చింతపండుతో తోమి తోమి పై మూడు వరుసలు చెరిపేశారు. అడుగు వరుస ఒక్కటే నిలిచింది. అందులో కొన్ని ఉర్దూ అక్షరాలు, వాటి పక్కన అంకెలు. ఒకటి, మూడు, నాలుగు, ఐదు. అంకెలు చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. పక్కన ఉన్న అక్షరాల మీద నా చూపు నిలవనే లేదు.

1935. అక్కడితో ఆగలేదు నేను. జాగ్రత్తపరుణ్ణి కదా. గడీ వెనక దొర సమాధి ఉందంటే పోయి చూశాను. రాయి మీద ఇంగ్లీషు అంకెల్లో 1929 ఉంది. రెండు అంకెలు ఎదురెదురుగా నిలబడి ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయి. ఎంత సంతోషపడ్డానో! ఒక కుటుంబం పరువు పోతున్నదని తెలుస్తూనే ఉంది, అయినా లెక్క తెగిందన్న సంతోషమే పైన తేలింది. అది కూడా ఒప్పుకోవాల్సిందే.

మల్లయ్య ఇంటి ముందు పందిరి కింద పదిహేను మంది దాకా ఉన్నారు.

"తాతా, గీ రేకు ముప్పై అయిదుల జేసింది. దొర ఇరవై తొమ్మిదిలనే పోయిండు. పోయినోడు బహుమానం ఎట్లిస్తడు?" అన్నాను.

"సమాధిల నుంచి చెయ్యి సాపిండేమో!" అన్నారెవరో. నవ్వులు.

మల్లయ్య నవ్వలేదు. "మా బాపు నాతోని అబద్ధమాడలే, సేటూ. లెక్క ఇంకోపారి జూడు."

"లెక్కకు మీ బాపు, మా బాపు అని ఉండది, తాతా."

ఈ మాట నేనే అన్నాను. ఎనభై దాటిన మనిషితో, ఆయన వాకిట్లోనే కూర్చుని. ఇంకోసారి చూడమన్నాడు. చూస్తే ఏం పోయేది? ఒక్క నిమిషం ఆ అక్షరాలు ఏమిటని అడిగి ఉంటే?

కాగితం రాసిచ్చాను. రేకు 1935 నాటిది, దొర ఇచ్చినట్టు చెప్పలేం. మల్లయ్య దరఖాస్తు పెట్టలేదు. వారం తిరక్కుండా రైఫిలును ఠాణాలో అప్పజెప్పాడు. పెత్రమాస, అంటే పెద్దల పేరు చెప్పి బియ్యం ఇచ్చే అమావాస్య, వెళ్లాక సమ్మక్క ఫోన్ చేసింది. "మా బాపు ఈయేడు తాత పేరు మీద బియ్యం ఇయ్యలే సేటూ. పెద్దలందరి పేర్లు తీసిండు గని ఆళ్ల బాపు పేరు తియ్యలే" అంది. నన్ను తిట్టడానికి చేయలేదు. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలని చేసింది, అంతే.

ఆ తర్వాత కొన్ని రోజులకే మహబూబాబాద్‌లో ఒక రిటైరైన ఉర్దూ సారు ఇంటికి వెళ్లాను. ఎవరిదో పహాణీ పని. అది అయిపోయాక, నా గొప్ప చూపించుకుందామని రేకు ఫొటో ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసి చూశాడు.

"అంకె ఒక్కటే సదివినవా భాయ్? పక్కకు రజబ్ అని ఉన్నది గద. ఫసలీల రజబ్ యాడికెళ్లి వస్తది? ఆజూర్, దై, బహ్మన్, గవి ఫసలీ నెలలు. గిది హిజ్రీ."

భూమి లెక్కలకు ఫసలీ, బహుమానాలకూ శిలాఫలకాలకూ చాలా వరకు హిజ్రీ అని ఆయన చెప్పుకుపోతున్నాడు. నేను అప్పటికే లెక్క వేస్తున్నాను. హిజ్రీ చంద్రుడి లెక్క, మన ముప్పై రెండేళ్లకు దాని ముప్పై మూడు అవుతాయి. 1345ను 33తో భాగిస్తే దాదాపు 41. అది తీసేసి 622 కలిపితే 1926. ఆ ఏడు మొదలైంది జూలైలో, రజబ్ ఏడో నెల కాబట్టి 1927 జనవరి. దొర చనిపోవడానికి రెండేళ్ల ముందు.

మహబూబాబాద్ స్టేషన్‌లో బల్ల మీద కూర్చుని సమ్మక్క నంబరు నొక్కాను. మోగకముందే ఆపేశాను. ఇంటికి పోయి నిదానంగా చేద్దామనుకున్నాను. ఇంట్లో, రేపు చేద్దామనుకున్నాను. ఎందుకు చేయలేదు? ఇది తప్పయితే నేను రాసిచ్చిన పహాణీలన్నీ తప్పంటారని భయపడ్డానని కొన్నాళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నా దగ్గరున్న నకళ్లన్నీ తీసి మళ్లీ చూశాను. అవన్నీ పొలం కాగితాలు, అన్నీ ఫసలీవే, ఒక్కటీ తప్పలేదు. ఆ సాకు కూడా పోయింది. ఇక మిగిలింది ఏమిటి? పందిరి కింద నవ్విన ఆ పదిహేను మంది ముందు నేను చిన్నవాణ్ణి కావడం. అంతే. అంత చిన్న కారణం కోసం ఒక కొడుకును తండ్రి మీద అనుమానంతో వదిలేశాను. మల్లయ్య ఇంకా రెండు పెత్రమాసలు చూశాడు. రెండుసార్లూ ఆయన నోట ఆ పేరు రాలేదట. తర్వాత చలికాలంలో పోయాడు. సమ్మక్క ఫోన్‌లో చెబితే "అయ్యో" అన్నాను. అప్పుడైనా చెప్పలేదు.

ఒక పని మాత్రం మొదలుపెట్టాను. ఉర్దూ అక్షరాలు నేర్చుకోవడం. దుకాణం గల్లా పక్కన పలక పెట్టుకుని అలిఫ్, బే దిద్దాను. ఈ వయసులో ఇదేం పిచ్చి అని ఇంట్లో నవ్వారు. ఏళ్లు పట్టింది. పోయిన నెల ఆ ఫొటో తీసి నా అంతట నేనే చదివాను. రే, జీమ్, బే. రజబ్. మూడే మూడు అక్షరాలు. సారు చెప్పినప్పుడు అది ఆయన మాట. ఇప్పుడు అది నా కళ్లకే కనిపిస్తున్నది. మర్నాడు దుకాణం మూసి భూపాలపల్లి బస్సెక్కాను.

సమ్మక్క వాకిట్లో మరో ఇద్దరు ఆడవాళ్లతో కూర్చుని మిరపకాయలు ఏరుతున్నది. మంచినీళ్లిచ్చింది. తాగి, నిలబడే చెప్పాను. ఫసలీ, హిజ్రీ, రజబ్. ఆమె చేతులు ఆగాయి.

"అంటే మా తాత దొంగ గాదా?"

"దొరే ఇచ్చిండని నేను రుజువు చెయ్యలేను అక్కా. కాని ఇయ్యలేడని నేనన్న మాట తప్పు. అప్పటికి దొర బతికే ఉన్నడు."

"గిది నీకెప్పుడు ఎరుకైంది?"

నిన్న నేనే చదివిన. ఈ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అబద్ధం కూడా కాదు. అన్నేళ్లు అక్షరాలు దిద్దింది ఈ మాట అనడానికేనా అని నా మీద నాకే అనుమానం వచ్చింది.

"మీ బాపు ఉన్నప్పుడే" అన్నాను. "ఆ ఏడే."

మిరపకాయలు ఏరుతున్న ఇద్దరిలో పోశమ్మ అందుకుంది. "గన్ని లెక్కలొచ్చినోనికి ఒక్క ఫోన్ నంబరు కొట్టరాలేదానయ్యా?"

"ఊకో పోశక్కా" అని సమ్మక్క నా వైపు చూసింది. కళ్లలో నీళ్లు లేవు. "నిన్నేమనాల్నో నాకు సమజైతలేదు. కాయితం మీద రాయి. ఆనాడు పందిరి కింద ఉన్నోళ్లల్ల ఎందరు బతికున్నరో అందర్ని పిలుస్త. ఆళ్ల ముంగట సదువు."

తొమ్మిది మంది వచ్చారు. రాసింది నిలబడి చదివాను. ఒకాయన "దరఖాస్తు ఇగ నీ పేరు మీద పెట్టు సమ్మక్కా, సాచ్చెం నేనొస్త" అన్నాడు. ఆమె తలూపింది. కాగితాన్ని లైసెన్సు కాగితాలున్న కవరులో పెట్టుకుంది. నాతో మాత్రం "బస్సు నాలుగింటికున్నది" అంది. అంతే. నేనూ ఇంకేమీ అడగలేదు. అడిగే హక్కున్న మాట ఏదీ నాకు కనిపించలేదు.

రైఫిలు ఆ ఇంటికి తిరిగొస్తుందో లేదో తెలియదు. రావచ్చు. మల్లయ్యకు మాత్రం నా మాట ఇక చేరదు. దాన్ని ఏ లెక్కా సరిచేయలేదు. అయినా బస్సులో కూర్చున్నాక ఎన్నో ఏళ్ల తర్వాత ఊపిరి నిండుగా ఆడింది. ఆ ఊళ్లో తొమ్మిది మంది విన్నారు. మీరు కూడా వినాలని, ఆ కాగితంలో చివర రాసిన వాక్యాన్ని ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

"ఇది తప్పని మల్లయ్య బతికుండగానే నాకు తెలుసు, నేను చెప్పలేదు."