గాజుల చేతికి నారి దెబ్బ

విల్లు పట్టే చేతికి గాజులుంటే ఏం చెయ్యాలో మా నాన్న నాకు చెప్పలేదు. మహారాష్ట్రలో, మాజ్రి బొగ్గుగనిలో పని దిగి వచ్చి, క్వార్టర్ల వెనక తుమ్మచెట్టుకు గడ్డిమోపు ఆనించి బాణం వెయ్యడం నేర్పేనాటికి నేను చిన్నపిల్లని. దగ్గర్లో తెలుగు బడి లేదు. అక్షరాలు అమ్మ నేర్పింది, భజనల పుస్తకంలోంచి. విల్లు నాన్న నేర్పాడు, ఆదిలాబాద్ వైపు పల్లెలో తాను నేర్చుకున్నట్టే. దేవుడి ముందు దీపం పెట్టినప్పుడల్లా ఆ ఇద్దరికీ కూడా దండం పెట్టుకుంటాను.

గుంజు, ఆపు, ఇడువు. నాన్న చదువంతా అంతే. నారిని వేళ్ల మొదటి కణుపుల మీద పట్టి, చేతి బలంతో కాదు, వీపు బలంతో గుంజాలి. చెయ్యి దవడ కింద కుదరాలి, నారి పెదవి అంచును తాకాలి. అక్కడ ఆపాలి. ఎంతసేపు అని అడిగితే, "మనసుల రామా అను, గంతే. ఎక్కువ ఆపితే వెదురు అలుస్తది, నీ చెయ్యి వణుకుతది" అనేవాడు. ఇక ఇడవడం. వేళ్లను పనిగట్టుకుని విప్పకూడదు, వాటి బిగువు పోవాలి, నారి తనంతట తాను జారిపోవాలి. విల్లు పట్టిన మోచేతిని కాస్త బయటికి తిప్పి ఉంచకపోతే ఆ నారే వచ్చి ముంజేతిని చరుస్తుంది. ఆ సంగతి వాతలు తేలి నేర్చుకున్నాను.

పెళ్లయి వరోరాకు వచ్చాను. అత్తగారిది కిరాణా దుకాణం. విల్లు వెంట తెచ్చుకుంటే ఏమంటారోనని భయపడ్డాను. దసరానాడు అత్తమ్మే దుకాణంలోని తరాజు పక్కన నా విల్లు పెట్టి దానికీ కుంకుమ బొట్టు పెట్టింది.

కొత్త కంపెనీలు, కొత్త కూల్‌డ్రింకులు ఊళ్లలోకి దిగుతున్న రోజులవి. మా గల్లీకి అప్పుడే కేబుల్ టీవీ వచ్చింది. చంద్రపూర్‌లో కొత్తగా తెరిచిన మోటారుసైకిళ్ల షోరూం వాళ్లు వెదురు విల్లుల పోటీ పెట్టారు. ఆడవాళ్లు కూడా రావచ్చని ఆటోకు మైకు కట్టి వరోరా దాకా చాటారు. నేను అడగకముందే అత్తమ్మ ఒప్పుకుంది.

"పోదాం బిడ్డా, నేనూ వస్త. గానీ గాజులు తియ్యద్దు. నా కోడలు ఉత్త చేతులతోని నలుగుట్ల నిలబడద్దు. గాజులు పోయినయా, గదే నీ ఆఖరి బాణం."

పోటీనాడు పొద్దున్నే ఎడమచేతి గాజులను పైకి జరిపి, మామయ్య పాత ధోతి చింపి, మోచెయ్యి దాకా మెత్తగా చుట్టింది ఆవిడే.

మైదానంలో మైకు పట్టుకున్నాయన కాలం మారిందని, ఆడవాళ్లు ముందుకు రావాలని చాలాసేపు మాట్లాడాడు. తర్వాత నా వంతు వచ్చింది. విజిల్ మెడలో వేసుకున్న పంచ్, అంటే అంపైరు, నా చేతిని చూసి కట్టు విప్పమన్నాడు. పక్కన నిలబడ్డ మగాయన ముంజేతికి మందపాటి తోలుపట్టీ ఉంది. నేను దాన్ని చూపించాను. అది ఆట సామానట, నాది ఉత్త కట్టట.

అత్తమ్మ జనానికి అడ్డంగా కట్టిన తాడు అవతలి నుంచే అందుకుంది. "గిది గూడ సామానే సాహెబ్, మా ఇంటాయన ధోతి!"

జనం నవ్వారు. పంచ్‌కు తల కొట్టేసినట్టయింది కాబోలు, "బాంగడ్యా ఫోడూన్ టాక్ నా!" అన్నాడు నాతో. గాజులు పగలగొట్టుకోరాదా అని. మరాఠీ పుట్టుక పుట్టినవాడికి ఆ మాట ఎవరి చేతులకు వాడతారో తెలియదా? మొగుడు పోయిన ఆడదాని చేతులకు. నా భర్త ఆ పూట దుకాణం గల్లా మీద కూర్చుని ఉన్నాడు, నూరేళ్లు చల్లగా ఉండాలని నేను మొక్కి వచ్చిన మనిషి. తోలుపట్టీ ఆయన కూడా పళ్లు బయటపెట్టి నవ్వాడు. నేను ఎవరినీ తిట్టి ఎరగను. అన్నం పెట్టినవాళ్లనూ, దారి చెప్పినవాళ్లనూ తలచుకుని బతికేదాన్ని. ఆ మాట తలపుకొస్తే మాత్రం ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

కట్టు నేనే విప్పేశాను. బాణం సంధించి గుంజాను. ఆపిన చోట రామా అని రాలేదు, పంచ్ మాటే చెవిలో మోగింది. కోపంతో ఇడిచాను. మోచెయ్యి లోపలికి తిరిగే ఉంది. నారి వచ్చి చరిచింది. రెండు పచ్చగాజులు ముక్కలై నేల మీద పడ్డాయి, ముంజేతి మీద నెత్తురు చిమ్మింది. బాణం ఎటు పోయిందో చూడలేదు, అత్తమ్మ ముఖమే చూశాను. నా ఆఖరి బాణం అయిపోయిందనుకున్నాను.

ఆవిడ తాడు దాటి లోపలికి వచ్చేసింది. విజిల్ మోగుతూనే ఉంది. వంగి గాజుముక్కలు ఏరి కొంగున ముడేసుకుంది.

"పెరిగినయి తియ్యి" అంది.

మాలో ముత్తైదువ గాజు పగిలిందని అనరు, పెరిగిందంటారు. మరాఠీ ఆడవాళ్లూ అంతే. ఆ పంచ్ ఇంట్లో తల్లి కూడా అలాగే అని ఉంటుంది.

"వాడు పగలగొట్టుమన్నడు. మనం పగలగొట్టలే, అవే పెరిగినయి. కోపం కొంచెం అవుతల పెట్టి, మోచెయ్యి తిప్పి ఇడువు."

మళ్లీ గుంజాను. పెదవికి నారి తాకింది. రామా అనుకున్నాను. వేళ్లు వదులయ్యాయి. మిగిలిన గాజులు గలగలమన్నాయి, ఒక్కటీ చిట్లలేదు. బాణం నడిమి చుట్టులో దిగింది.

బహుమతి నాకు రాలేదు, మొదటి బాణం చెదిరింది కనుక అది న్యాయమే. కానీ మైకులో నన్ను "బాంగడీవాలీ" అని పిలిచి చప్పట్లు కొట్టించారే, అది న్యాయం కాదు. తోలుపట్టీ ఆయన్ను పట్టీవాలా అని ఎవరూ పిలవలేదు.

బస్సెక్కే ముందు అత్తమ్మ నన్ను బజారులో గాజులమ్మే ఆమె దగ్గర కూర్చోబెట్టింది. ఆమె మన తెలుగామెనే.

"ఎట్ల పెరిగినయే అక్కా, ఇంట్ల పనిచేసుకుంటనా?"

"కాదు, బాణమేసుకుంట" అంది అత్తమ్మ.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "మజాక్ చేస్తున్నవా?"

"నీతోని మజాక్ ఏంది? వదులుయి ఎయ్యకు. ఊగుతయి, నారికి అడ్డమొస్తయి. జర బిగువుగ ఎక్కియ్యి, మళ్ల ఏసేదున్నది."

ఆమె నా చేతికి సబ్బు రాసి వేళ్లు దగ్గరికి నొక్కింది. నురగ జారి వాత మీద పడి భగ్గుమంది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.