ముందు సిరోంచ తాతకు

మా వియ్యపురాలు పోయింది. బతుకమ్మ పండుగ ఇంకా మొదలు కాలేదు, గునుగు అప్పుడప్పుడే పూతకు వస్తోంది. పొద్దున్నే కోడలు ఫోన్ చేసి, "మామయ్యా, మా అమ్మ..." అని ఆగిపోయింది. నేను చెప్పులేసుకుని అంకిస బస్సెక్కాను.

ఆమె గురించి రాయాల్సింది నేను కాదు. నా భార్య ఉంటే బాగా చెప్పేది. వాళ్లిద్దరూ ఒకరినొకరు వదినా అనుకుంటూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. నేను మాత్రం ఆమె మీద అసూయతోనే ఇన్నేళ్లు గడిపాను.

నా భార్య ఉన్నన్నాళ్లు దసరా సెలవులు మా ఇంట్లోనే గడిచేవి. ఆమె పోయాక పండుగ అంకిసకు మారింది. బతుకమ్మ పేర్చే మనిషి లేని ఇంట్లో పిల్లలను ఎట్లా ఆపుతాం? అహేరిలో ఉండే కొడుకూ కోడలూ, పిల్లలను తీసుకుని సిరోంచలో దిగేవాళ్లు. మా ఇంట్లో చాయ్ తాగి, సంచులైనా విప్పకుండా అంకిస బస్సెక్కేవాళ్లు. ఒకసారి మనవరాలిని ఉండిపొమ్మని అడిగాను.

"నీకు బతుకమ్మ పేర్చ వస్తదా తాతా?"

"రాదు."

"మలీద చేస్తవా?"

"చెయ్యను."

"మరి ఉండి ఏం చెయ్యాలె?" అంది. దాని తమ్ముడు అప్పటికే వీధి మలుపు దాటాడు.

ఆ పిల్లలు తిరిగొచ్చాక ప్రతి మాటలో అమ్మమ్మే. అమ్మమ్మ తంగేడు పూలు ఇట్ల కడ్తది. అమ్మమ్మ మలీద ముద్దల బెల్లం ఎక్కువేస్తది. అమ్మమ్మ చెరువుల దిగి బతుకమ్మను చేత్తోటి నూకుతది. నేను వింటూ పేపర్ తిప్పేవాణ్ణి.

ఆమెకు నా సంగతి తెలుసనుకుంటాను. ఫోన్ చేస్తే అందరిలా ఏం తిన్నరని అడిగేది కాదు. "అన్నా, ఇయ్యాల ఏం వండుకున్నరు?" అనేది. పప్పు అంటే, "నిన్న గూడ పప్పేనాయె" అనేది. సద్దుల బతుకమ్మ నాడు డబ్బా పంపేది. అందులో సత్తుపిండి అడుగున ఎప్పుడూ పచ్చిపులుసులోకి వేసే పొడి చిన్న పొట్లం ఉండేది. నా భార్య చేసే పొడి అది. ఎప్పుడు నేర్చుకుందో నేను అడగలేదు.

అన్నిటికన్నా నాకు కష్టంగా ఉండేది జమ్మి ఆకు. మా వైపు దసరా సాయంత్రం జమ్మి పూజ కాగానే పిల్లలు ఆకు తెచ్చి పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. బంగారం అంటారు దాన్ని. మా పిల్లలు నాకు దాన్ని మర్నాడు పొద్దున తెచ్చేవాళ్లు, మొదటి బస్సుకు, తడిగుడ్డలో చుట్టి. ఎంత తడిపినా ఆకు వాడిపోయేది. అంకిసలో అమ్మమ్మకు పచ్చివి ఇచ్చి, మిగిలినవి నాకు తెస్తున్నారనుకునేవాణ్ణి. దీవించి, ఆకును చొక్కా జేబులో వేసుకునేవాణ్ణి. ఆమె చేతిలో ఆకు ఎంత పచ్చగా ఉండి ఉంటుందోనని ఆ రోజంతా అదే ఆలోచన.

పెద్దకర్మ అయ్యాక ఆమె భర్త, మా బావ, ఆ ఇంట్లో ఒక్కడే మిగిలాడు. మనవరాలు నాతో పాటు బస్సులో వచ్చింది. కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటాక అంది, "ఈసారన్న అమ్మమ్మకు పచ్చి ఆకు ఇద్దామనుకున్న తాతా."

"ఎప్పుడూ పచ్చిదే ఇస్తరు కద."

"ఏడ ఇచ్చినం? చెయ్యే పట్టకపోయేది. గట్టిగ పిడికిలి బిగిస్తుండె. తమ్ముడు వేళ్లు ఇప్పబోతె కొట్టింది గూడ. ముందు సిరోంచ తాతకు, అనేది. ఆ ఇంట్ల నానమ్మ లేదు, మీరు గూడ ఆఖర్న పోతె ఎట్ల, అనేది. మేము నీ దగ్గరికి వచ్చి పోయినంకనే తీసుకునేది."

అంటే ఆమెకు అందినవి నా ఆకులకన్నా వాడినవి. పైగా ఆ ముక్క నాతో ఎన్నడూ అనలేదు. తెలిసినాక అసూయ పోవాలి. పోలేదు. ఆమె చోట ఉంటే నేను అట్లా పిడికిలి బిగించేవాణ్ణా అని చూసుకుంటే ఇంకా పెరిగింది.

ఈ దసరాకు అంకిసలో పండుగ లేదు. పిల్లల సంచులు మా ఇంట్లోనే విప్పారు. నేను కోరుకున్నది అదే. ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుని మా వీధి గుండా ప్రాణహిత ఒడ్డుకు వెళ్తుంటే మనవరాలు గేటు పట్టుకుని నిలబడింది. కోడలు బయటికి రాలేదు.

దసరా సాయంత్రం ఇద్దరూ జమ్మి దగ్గరినుంచి పరుగెత్తుకొచ్చారు. ఆకులు కొమ్మ నుంచి అప్పుడే తెంపినవి, నిగనిగలాడుతున్నాయి.

"తాతా, చెయ్యి పట్టు!" అన్నాడు మనవడు.

నా భార్య పోయాక మొదటిసారి అంత పచ్చి ఆకు నా ముందుకు వచ్చింది. నేను పిడికిలి బిగించాను.

"ముందు అంకిస తాతకు," అన్నాను. "ఆ ఇంట్ల మీ అమ్మమ్మ లేదు."

"ఇప్పుడు బస్సేది తాతా?"

"పొద్దున ఉంది."

మనవరాలు నా మొహం చూసింది. లోపలికి వెళ్లి, పెట్టెలోంచి వాళ్ల నానమ్మ పాత నూలు చీర ముక్క తీసి, తడిపి తెచ్చింది.

తెల్లారి మొదటి బస్సు ఎక్కించాను. మూట మనవడి ఒళ్లో ఉంది, నీళ్లు కారి వాడి కొత్త నిక్కరు తడుస్తోంది. బస్సు కదిలింది. అక్కడ ఒంటరిగా కూర్చున్న మా బావ చేతిలో ముందు ఆకు పడుతుంది. ఆయన మీదా కొంచెం అసూయ కలిగింది.

ఇంటికొచ్చి గుమ్మంలో కుర్చీ వేసుకున్నాను, పిల్లలు తిరిగొచ్చే మధ్యాహ్నం బస్సు కోసం. కుడిచెయ్యి ఇంకా ముడుచుకునే ఉంది.