కాజాలామె ఊ కొట్టిన కథ

బొత్తాం దూరడానికి బట్టలో కుట్టే కన్నాన్ని దర్జీలు కాజా అంటారు. పదిహేనేళ్ళుగా ఆ పని తప్ప ఇంకో పని ముట్టుకోనందుకు ఆమెకు కూడా చివరికి అదే పేరు ఖాయమైపోయింది. అసలు పేరు పెళ్ళిపత్రికలో ఒక్కసారి అచ్చయింది, తర్వాత దాని అవసరం ఎవరికీ పడలేదు. ఆమె చేతి కాజా మీద చీమ నడిస్తే కాలికి దారం తగిలేది కాదట. ఒక పెద్దమనిషి తన కోటు చిరిగి పీలికలయ్యాక కూడా కాజాలు మాత్రం కత్తిరించి బీరువాలో దాచుకున్నాడట. ఇందులో ముప్పాతిక వంతు కోతలే అనుకున్నా, మిగిలిన పావు వంతుకే ఆమెను విమానం ఎక్కించి తీసుకుపోయారు.

ఆమె పనిచేసే దర్జీ కొట్లోనే, ఆమె బల్లకు నాలుగడుగుల అవతల, ఇస్త్రీ బల్ల దగ్గర ఆమె మొగుడు నిలబడేవాడు. మాటల్లో మహా పిసినారి. దేవుడు మనుషులకు మాటలు పంచేటప్పుడు ఆయన వంతు కూడా పొరపాటున పెళ్ళాం విస్తట్లోనే వడ్డించేశాడు. పొద్దున తాళం తీసిన దగ్గర్నుంచి సాయంత్రం తాళం పడేదాకా కాజా నోరు ఆగేది కాదు, సూదీ ఆగేది కాదు. ఇస్త్రీపెట్టె బుస్సుమని ఆవిరి వదులుతుంటే, ఆ బుస్సుల మధ్యలో ఆయన "ఊ" అనేవాడు.

"వింటున్నావా అసలు?"

"ఊ."

"ఏం విన్నావో చెప్పు."

"ఊ."

"బళ్ళో నీకు ఊ తప్ప ఇంకో అక్షరం నేర్పలేదా?"

ఆయన కాసేపు ఆలోచించి, "ఊహూఁ" అనేవాడు.

పెళ్ళయిన ఆరేళ్ళకు కడుపు పండింది. అది కూడా ఎప్పుడు? సముద్రం అవతల ఒక కోట్ల కంపెనీ నుంచి పిలుపు వచ్చి, కాగితాలన్నీ తయారై, టిక్కెట్టు చేతికందాక. కోట్లంటే డబ్బు కాదు, తొడుక్కునేవి. అక్కడి ఆడవాళ్ళకు చేతికాజా నేర్పడానికి నాలుగు నెలలు మనిషి కావాలన్నారు. కొట్టు నడిపే మాస్టరు వేలు తిన్నగా కాజా వైపే చూపించింది.

అత్తగారు వేళ్ళు మడిచి లెక్క చూసింది. "నాలుగో నెలలో పోతావు, ఏడు నిండేసరికి వచ్చేస్తావు. పోయిరావే, ఏం భయం? తల్లి లేనిదానివి, పురుడు నా చేతుల మీదే పోస్తాను."

కాజాకు విమానం ఎక్కాలనీ ఉంది, ఎక్కకూడదనీ ఉంది. ఆ సాయంత్రం కొట్లో సూది పక్కన పెట్టి మొగుణ్ణి అడిగింది. "ఏమయ్యా, వెళ్ళనా?"

ఇస్త్రీపెట్టె బుస్సుమంది. "ఊ" అన్నాడాయన.

'వద్దు' అంటాడేమోనని ఆమె పది కాజాలు కుట్టేంత సేపు చూసింది. అనలేదు. సరే అని పెట్టె సర్దుకుంది.

అక్కడ ఆమెకు ఇచ్చింది పై అంతస్తులో ఒక ఏటవాలు కప్పు గది. మంచం మీంచి లేస్తే తల కప్పుకు తగిలేది, వంగితే కడుపు మోకాళ్ళకు తగిలేది. అందుకని ఆమె అక్కడున్నన్నాళ్ళూ పక్కకు దొర్లి లేచేది. పనిచేసే హాలు మాత్రం రైలు పెట్టేంత పొడుగు. వరసగా పది మిషన్లు, చివర అద్దాల తలుపు, ఆ తలుపు వెనక పిల్లల గది. తల్లులు మిషను ఆపి వెళ్ళి పాలిచ్చి వచ్చేవాళ్ళు. కాజా పక్కకుర్చీలో కూర్చునే ఆమె ఎంత పొడుగంటే, దారపు కండెలు అటకమీంచి స్టూలు లేకుండా అందుకునేది. కాజా మనసులో ఆమెకు పొడుగామె అని పేరు పెట్టేసింది.

ఈ పొడుగామెకు ఇద్దరు. పాలు తాగే పిల్లాడొకడు, రెండేళ్ళ ఆడపిల్లొకతె. గుండ్రంగా, నేలకు జానెడు ఎత్తున తిరిగే ఆ పిల్లను చూడగానే కాజా నోటికి 'బుడంకాయ' అని వచ్చింది. అదీ ఖాయమైంది.

కాజాకు అమ్మ ముఖం కూడా తెలియదు. పసిపిల్లను ఎలా ఎత్తాలో, ఏం మాట్లాడాలో చూసి నేర్చుకున్న ఇల్లు కాదు ఆమెది. అందుకే భోజనం వేళయ్యేసరికి అద్దాల తలుపు దగ్గర నిలబడి, సినిమా చూసినట్టు చూసేది. ఒకామె బిడ్డను మూటలా వీపుకు కట్టుకుని మిషను తొక్కేది. మిషను ఆడుతుంటే బిడ్డ నిద్రపోయేది, ఆగితే ఏడ్చేది. పాపం, బిడ్డ లేస్తుందన్న భయంతో ఆ తల్లి ఒక్క రోజులో ఊరందరికీ సరిపడా కాలర్లు కుట్టేసింది. కాజా గది కింద వాటాలో ఉండే బస్సు డ్రైవరు ఇంకో వింత. డ్యూటీ దిగి రాగానే టోపీ అయినా తీయకుండా, గిన్నెలు తోమే తొట్టిలో బిడ్డను కూర్చోబెట్టి స్నానం పోసేవాడు.

వీళ్ళందరిలోకీ కాజాకు ఎంతకీ అంతుపట్టనిది పొడుగామె పద్ధతి. పిల్లాణ్ణి ఎత్తుకోబోయే ముందు చేతులు చాపి ఆగేది, కలెక్టరు గారి గదిలోకి రావచ్చా అని అడిగినట్టు. వాడు కాళ్ళు కొట్టుకుంటే అప్పుడు ఎత్తుకునేది. ఎత్తుకున్నాక ఒక్క మాట చెప్పి నోరు మూసుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని ఎదురుచూసేది. వాడు గూ అనో, బుడగ ఊదో, ఏదో ఒకటి చేశాకే రెండో మాట.

'పాలు తాగే వెధవతో ఊ కొట్టిస్తోంది!' అని కాజా నవ్వుకుంది. నవ్వుకుంటూనే గదికి వెళ్ళి, తలుపు గడియ పెట్టి, కడుపు మీద చెయ్యి వేసుకుని, "ఏమే, ఇవాళ ఏం జరిగిందో తెలుసా?" అని చెప్పి ఆగి చూసింది. లోపల్నుంచి ఒక్క తన్ను పడింది. ఆ తన్నుకు ఆమె మంచం మీద కూలబడి ఏడ్చింది. దేశం కాని దేశం వచ్చాక ఆమె మాటకు బదులు రావడం అదే మొదలు మరి.

ఫోను లేదా అంటే ఉంది. ఆమె మధ్యాహ్నం భోజనం వేళకు ఇంటి దగ్గర సాయంత్రం. మెట్ల దగ్గర కిటికీలో కూర్చుని ఫోను చేసేది.

"ఇక్కడ మగవాళ్ళు పిల్లలకు స్నానం పోస్తారయ్యా!"

"ఊ."

"నువ్వు పోస్తావా?"

"ఊ."

ఏ ఊ అయితేనేం, వినపడితే చాలనుకునేది. వారం తిరక్కుండానే అత్తగారు ఫోను లాక్కుని, "ఏం మందు పెట్టావే వాడికి? పక్కింటి పిల్లాడికి రోజూ స్నానం పోస్తానని కూర్చుంటున్నాడు. వీణ్ణి చూస్తే చాలు ఆ పిల్లాడు మంచం కింద దూరుతున్నాడు!" అంది. కాజా పగలబడి నవ్వింది. ఫోను పెట్టేశాక కిటికీ అద్దం మీద ఊపిరి ఊది, ఆ మసకలో వేలితో 'ఊ' అని రాసి, అది ఆరిపోయేదాకా చూసింది.

అసలు తంటా ఆ అక్షరంతోనే వచ్చింది. అక్కడి సూపర్‌వైజరు కళ్ళద్దాలావిడ. మంచి మనిషే గానీ మాటలు వానలా కురిపించేది. ఎవరైనా చెబుతుంటే ఊ కొట్టకుండా కూర్చుంటే పొగరనుకోరూ? అందుకని కాజా అర్థమైనా కాకపోయినా తల ఆడిస్తూ "ఊ... ఊ..." అనేది. తను అంటున్నది 'వింటున్నానమ్మా' అని. ఆవిడ చెవికి వినిపించేది 'సరేనమ్మా' అని. ఒక ఊ ఖర్మకు ఎవరిదో పిల్లిని రెండు రోజులు సాకవలసి వచ్చింది. ఇంకో ఊకి నడుము దాటిన జడ భుజాల దగ్గరకు కత్తిరించేశారు. ఈ దేశపు మర్యాదలు ఇలా ఉంటాయి కాబోలు అనుకుని కాజా ఊరుకుంది.

తిరుగు ప్రయాణం పది రోజుల్లో ఉందనగా, కళ్ళద్దాలావిడ ఒక కొండంత కోట్ల గుట్ట తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి, గోడ మీది క్యాలెండరులో రెండు కాగితాలు తిప్పి ఒక తారీఖు చుట్టూ సున్నా చుట్టింది. టిక్కెట్టు రెండు నెలలు వెనక్కి జరిగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది కాజాకు. కిందటి వారం ఆవిడ కోట్లు చూపిస్తూ, వేళ్ళు చూపిస్తూ అరగంట మాట్లాడింది. తను ఒక వంద ఊలైనా కొట్టి ఉంటుంది.

అంటే ఏడో నెల కాదు, తొమ్మిదో నెల. అత్తగారి చేతుల మీద కాదు, ఈ ఏటవాలు కప్పు కింద.

కాళ్ళ కింద నేల కదిలింది గానీ నోరు కదల్లేదు. ఆ భాషలో ఆమెకు యాభై మాటలు వచ్చు. సూది, దారం, నొప్పి, నీళ్ళు, దయచేసి, అన్నీ వచ్చు. 'వద్దు' రాదు. దాంతో ఎప్పుడూ పని పడితే కదా! రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అని పది రోజులు గడిపి, ఎక్కవలసిన విమానాన్ని కిటికీలోంచి మబ్బుల్లో వెతికి, ఇంకో నాలుగు రోజులు గడిపింది.

"ఎప్పుడు?" అని ఫోనులో అడిగాడాయన. ఆయన తనంతట తానుగా ఒక ప్రశ్న అడగడం సూర్యుడు పడమట పొడవడంతో సమానం.

"వస్తాగా," అని పెట్టేసింది.

ఆ మర్నాడు పిల్లల గది ముందు బుడంకాయ పేచీ. పొడుగామె బూటు తొడగబోతే, కాలు దబ్బుమని నేలకేసి కొట్టి ఒక మాట అంది. మళ్ళీ కాలు, మళ్ళీ అదే మాట. మనలో అయితే ఈపాటికి వీపు విమానం మోత మోగిపోయేది. పొడుగామె బూటు పక్కన పెట్టి, అంత పొడుగు మనిషీ నేల మీద చతికిలబడి, పిల్ల చెప్పేది వింటూ కూర్చుంది.

కాజా చెయ్యెత్తి దెబ్బ వేస్తున్నట్టు చూపించి, 'ఒక్కటి వెయ్యవేం?' అని సైగ చేసింది. పొడుగామె నవ్వి, పిల్ల అన్న మాట కూడా కలుపుకుని, కాజాకు అర్థమయ్యే మాటలు ఏరుకుంటూ మెల్లగా చెప్పింది. "దీనికి నాకే 'వద్దు' అని చెప్పడం రాకపోతే, రేపు ఎవరికి చెప్తుంది?"

కాజా తన బల్ల దగ్గరకు వచ్చింది. సూది బల్ల మీద పెట్టింది. తిన్నగా కళ్ళద్దాలావిడ గదిలోకి పోయి, కాలు దబ్బుమని నేలకేసి కొట్టి, మూతి ముడిచి, బుడంకాయ అన్న మాట అన్నది. ఆ మాటలో కాలు కూడా ఒక అక్షరమే అనుకుంది పాపం. హాల్లో పది మిషన్లూ ఆగిపోయాయి. ముందు అందరూ నవ్వారు. కాజా మళ్ళీ కాలు కొట్టి, కడుపు చూపించి, ఆకాశం చూపించి, భోరుమంది. అప్పుడు నవ్వులు ఆగాయి.

పొడుగామె వచ్చి, కాజా సైగలు చూసి, ముక్కలు అతికి చెప్పేసరికి కళ్ళద్దాలావిడ నెత్తి కొట్టుకుంది. "మరి రోజూ సరే సరే అన్నావు కదా!"

"సరే కాదు," అంది కాజా ముక్కు చీదుతూ. "వినడం. అంతే."

ఆ పూటే టిక్కెట్టు కోసం పరుగులు పెట్టారు. విమానం వాళ్ళు డాక్టరు కాగితం కావాలన్నారు. డాక్టరమ్మ టేపుతో కడుపు కొలిచి, లెక్క చూసి, తల అడ్డంగా ఊపింది. గడువు దాటిపోయింది, పురుడయ్యాకే ప్రయాణం, రెండు వారాల ముందు వచ్చి ఉంటే రాసిచ్చేదాన్నని చెప్పింది. రెండు వారాలు! కాజా నోరు మూసుకుని కూర్చున్న రోజులు కూడా సరిగ్గా అన్నే.

ఫోనులో మొగుడికి అంతా చెప్పింది. ఆయన ఊ కూడా అనలేదు. బుస్సుల చప్పుడు కూడా లేదు, ఇస్త్రీపెట్టె నిలబెట్టేసినట్టున్నాడు.

"ఏమయ్యా, ఒకటడుగుతాను చెప్పు. ఆ రోజు వెళ్ళనా అంటే ఊ అన్నావే, అది ఏ ఊ?"

"విన్నాననే ఊ. వెళ్ళమనే ఊ కాదు."

"మరి చెప్పలేదేం!"

"నువ్వు పెట్టె సర్దేసుకున్నావు."

ఆ పైన ఫోను ఎవరూ పెట్టెయ్యలేదు.

ఆడపిల్ల పుట్టింది. పురిటి గదిలో పొడుగామె ఒక చెయ్యి పట్టుకుంటే, కళ్ళద్దాలావిడ రెండో చెయ్యి పట్టుకుని కాజా కంటే ఎక్కువ అరిచిందట. అత్తగారు ఫోనులోనే పురుడు పోసినంత పని చేసింది. "తల నిమురు, చెవులు కప్పు, నా తల్లే, నా చేతుల్లో పడాల్సిన బంగారం!" అని అవతల్నుంచి ఒకటే గోల. బస్సు డ్రైవరు తొట్టి తోమి పైకి పట్టుకొచ్చి, బిడ్డ మెడకింద చెయ్యి ఎలా పెట్టాలో చూపించి పోయాడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం, ఏటవాలు కప్పు కింద, ఫోను దిండు మీద పెట్టి, పిల్లను మోకాళ్ళ మీద పడుకోబెట్టుకుంది కాజా. బిడ్డను విమానం ఎక్కనివ్వడానికి ఇంకా నెల పైన ఉంది. ఫోనులోంచి ఇస్త్రీపెట్టె చప్పుడు బుస్సు బుస్సుమని వస్తోంది.

"మీ నాన్న ఇస్త్రీపెట్టె ఉంది చూడు, అది నీకంటే బరువు," అంది పిల్లతో. అని, పొడుగామె లాగే నోరు మూసుకుని కళ్ళు పెద్దవి చేసుకుని ఆగింది.

ఎక్కడా చప్పుడు లేదు.

"ఏమయ్యా, ఉన్నావా? ఊ అనవేం?"

"నేను అనేస్తే అదెప్పుడు అంటుందే? కాసేపు ఆగు."

సముద్రానికి అటొకరు, ఇటొకరు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. బుస్సుమంది ఇస్త్రీపెట్టె. పిల్ల ముఖం మెల్లగా ఫోను వైపు తిరిగింది. నోరు సున్నాలా చుట్టి, "ఊ" అంది.

అది కడుపులో గాలి అని నర్సమ్మ తర్వాత ఎంత చెప్పినా కాజా ఒప్పుకోలేదు. ఆరేళ్ళు పక్కబల్ల మీంచి విన్న ఊ ఆమెకు తెలియదా? అదే పొడుగు, అదే గొంతు.

"విన్నావా?" అంది కాజా.

ఆయన దగ్గర్నుంచి ఊ రాలేదు, ఊహూఁ రాలేదు. బుస్సు కూడా రాలేదు. ఆ రోజు ఎవరిదో తెల్లచొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో నల్లగా కాలిపోయిందని అత్తగారు రెండు రోజుల తర్వాత చెప్పింది. పదిహేనేళ్ళ పనిలో ఆయన కాల్చిన మొదటి చొక్కా అదే.